‘ఇకిరు’ (1952): దుఃఖం, నిరాశ, బతకడానికో కారణం – తరచుగా అడిగే ప్రశ్నలు

అకిరా కురొసావా తీసిన ‘ఇకిరు’ చూడమని ఎవరికి చెప్పినా ముందు కొన్ని ప్రశ్నలు వస్తాయి, చూశాక ఇంకొన్ని వస్తాయి. రెండు రకాలకూ ఇక్కడ జవాబులు రాశాను. కథంతా చర్చకు వస్తుంది. హీరోకు ప్రాణాంతకమైన జబ్బుందని సినిమా మొదటి నిమిషంలోనే చెప్పేస్తుంది కాబట్టి ముందే తెలిసినా పెద్ద నష్టం లేదు. అయినా ఏమీ తెలియకుండా చూడాలనుకునేవారు మొదటి నాలుగు ప్రశ్నలు చదివి ఆపేయండి.

ఇది ఎవరి సినిమా?

1952 అక్టోబరులో తొహో సంస్థ విడుదల చేసిన జపనీస్ సినిమా. పేరుకి అర్థం ‘బతకడం’. స్క్రిప్టు కురొసావా, షినోబు హషిమొతో, హిదెయో ఒగుని కలిసి రాశారు. కథానాయకుడు కాంజి వతనబెగా తకాషి షిమురా నటించాడు. రెండేళ్ల తర్వాత వచ్చిన ‘సెవెన్ సమురాయ్’లో గుండుతో, చెదరని ధీమాతో ఆ ఏడుగురినీ నడిపించేదీ ఈయనే. రెండూ వెంటవెంటనే చూస్తే ఇద్దరూ ఒకే మనిషంటే నమ్మబుద్ధి కాదు. ‘ఇకిరు’ నాటికి షిమురా వయసు 47. తెరమీద కనిపించే వంగిన భుజాలు, గొంతులోనే ఆగిపోయే మాట, ఎప్పుడూ తడిగా ఉండే కళ్లు అన్నీ నటనే.

కథ క్లుప్తంగా చెప్పండి.

టోక్యోలో ఒక నగరపాలక కార్యాలయం. ప్రజల ఫిర్యాదులు తీసుకునే విభాగానికి వతనబె అధికారి. ముప్ఫయ్యేళ్లుగా దాదాపు ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదు. ఆ ముప్ఫయ్యేళ్లలో చేసిన పనంటూ కూడా ఏమీ లేదు. ఫైలు వస్తుంది, ముద్ర పడుతుంది, పక్క బల్ల మీదికి పోతుంది. భార్య ఎప్పుడో చనిపోయింది. కొడుకు, కోడలు ఒకే ఇంట్లో ఉన్నా ఎవరి లోకం వారిది. అలాంటి సమయంలో కడుపులో క్యాన్సర్ అని, మిగిలింది కొద్ది నెలలేనని తెలుస్తుంది. ఆ కొద్ది నెలలూ ఏం చెయ్యాలన్నదే కథ.

నలుపు తెలుపు, 143 నిమిషాలు. కూర్చోగలమా?

కూర్చోగలరు. మొదటి అరగంట నెమ్మదిగా ఉంటుంది, అది నిజం. కానీ అందులోనే ఎంతో చమత్కారం ఉంది. ఒక వాడలో మురుగునీటి గుంట వల్ల పిల్లలు జబ్బుపడుతున్నారని, దాన్ని పూడ్చి పార్కు చెయ్యమని అక్కడి ఆడవాళ్లు అర్జీ పట్టుకుని వస్తారు. ఈ విభాగం వాళ్లు ఆ విభాగానికి పొమ్మంటారు, వాళ్లు ఇంకో విభాగానికి పొమ్మంటారు. కిటికీ తర్వాత కిటికీ, అధికారి తర్వాత అధికారి. అలా కార్యాలయమంతా తిప్పి చివరికి మొదట వెళ్లిన కిటికీకే తెచ్చి నిలబెడతారు. ఏ ప్రభుత్వ కార్యాలయంలోనైనా ఒక సంతకం కోసం తిరిగినవారికి ఆ కొద్ది నిమిషాలు విడమర్చి చెప్పనక్కర్లేదు. రాత్రి నిద్రకు ముందు సగం చూసి, మర్నాడు సగం చూసే పద్ధతి మాత్రం ఈ సినిమాకు పనికిరాదు. ఎందుకో తర్వాత చెబుతాను.

ఇటీవలే ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నాను. ఇప్పుడు చూడొచ్చా?

మొదటి వారాల్లో వద్దంటాను. ఆసుపత్రి వరండా, దాచిపెట్టిన రోగం, ఫొటో ముందు వరసగా కూర్చున్న బంధువులు అన్నీ ఇందులో ఉన్నాయి. పచ్చిగా ఉన్న మనసుకు అవి సినిమాలా కనిపించవు. కొన్నాళ్లు గడిచాక, పోయినవారి గురించి నలుగురితో మాట్లాడగలుగుతున్నప్పుడు చూడండి. ఒంటరిగా కాకుండా, చూశాక మాట్లాడుకోవడానికి ఒకరున్నప్పుడు చూస్తే ఇంకా మంచిది.

నెలలు గడిచినా దుఃఖం కాస్తయినా సడలక, తిండి, నిద్ర, పని అన్నీ ఆగిపోయి ఉంటే అది మీ బలహీనత కాదు. ఆరు నెలలు దాటినా తగ్గకుండా రోజువారీ జీవితాన్ని పట్టి ఆపేసే దుఃఖాన్ని వైద్యం అందించాల్సిన స్థితిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ఐసీడీ-11 వ్యాధుల వర్గీకరణలో చేర్చింది. అలాంటప్పుడు సినిమాకన్నా ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

వతనబె ఏడ్చేది క్యాన్సర్ గురించేనా?

కాదని నా నమ్మకం. ఈ సినిమాలో దుఃఖం మూడు పొరలుగా ఉంది. చావుభయం అన్నిటికన్నా పైపొర.

దాని కింద భార్య పోయిన దుఃఖం ఉంది. రోగం సంగతి తెలిసిన రాత్రి అతను భార్య ఫొటో ముందు కూర్చుంటాడు. ఆమె అంతిమయాత్ర గుర్తొస్తుంది. ముందు వెళ్తున్న వాహనం మలుపు తిరిగి కనపడకుండా పోతుంటే, అమ్మ వెళ్లిపోతోంది, త్వరగా పోనివ్వమని పసివాడైన కొడుకు కంగారుపడతాడు. ఆ తర్వాత మళ్లీ పెళ్లి చేసుకోమని ఎవరు చెప్పినా వతనబె వినలేదు, అంతా పిల్లవాడి కోసమే అన్నాడు. అంటే ఆ దుఃఖాన్ని అతను దించుకోలేదు. కొడుకు పెంపకం అనే పేరు పెట్టి మోస్తూ వచ్చాడు.

అన్నిటికన్నా కింద, అన్నిటికన్నా బరువైన పొర ఇంకొకటి. ఆ కొడుకు కూడా చేజారిపోయాడు. ఇల్లు చీకటిగా ఉంటే ఎవరూ లేరనుకుని కొడుకు, కోడలు లోపలికి వస్తూ మాట్లాడుకుంటారు: నాన్న రిటైర్మెంటు డబ్బు వస్తే కొత్త ఇల్లు కట్టుకోవచ్చని లెక్కలు. దీపం వేస్తే అదే గదిలో ఆయన కూర్చుని ఉంటాడు. ఆ రాత్రి కొడుకు పేరు పిలుస్తూ మెట్లెక్కబోతాడు, పైనుంచి తలుపు గడియ పెట్టి రమ్మని మాట వినిపిస్తుంది, మెట్ల మీదే కూలబడతాడు. దుప్పటిలో దూరి ఏడుస్తుంటే గోడమీద పాతికేళ్ల సేవకు ఇచ్చిన ప్రశంసాపత్రం కనిపిస్తుంది.

కురొసావా ఆ షాట్‌ను అక్కడ ఉంచడంలోనే సినిమా అంతా ఉంది. పోతున్న ప్రాణం కన్నా, ఇన్నాళ్లూ పోయిన కాలం అతణ్ని ఎక్కువ ఏడిపిస్తోంది. చనిపోయినవారి కోసం ఏడవడానికి లోకంలో అందరికీ అనుమతి ఉంది. బతకకుండా వదిలేసిన సొంత ఏళ్ల కోసం ఏడ్చేవాణ్ని చూస్తే ఎవరికీ అర్థం కాదు.

డాక్టరు అబద్ధం ఎందుకు చెబుతాడు?

అప్పటి జపాన్‌లో క్యాన్సర్ సంగతి రోగికి చెప్పకపోవడమే ఆనవాయితీ. కుటుంబానికి చెప్పేవారు, రోగికి కాదు. ఈ పద్ధతి ఆ తర్వాత కూడా దశాబ్దాలపాటు సాగింది. సినిమాలో నిజం బయటపడే తీరు ఆ ఆనవాయితీని చీల్చేస్తుంది. వరండాలో పక్కన కూర్చున్న ఇంకో రోగి చొరవగా మాట కలిపి, డాక్టర్లు ఏ మాటలు చెబితే అది క్యాన్సర్ అని అర్థమో వరసగా వివరిస్తాడు. కాసేపటికి లోపల డాక్టరు నోట సరిగ్గా అవే మాటలు వస్తాయి: చిన్న పుండు, ఆపరేషన్ అక్కర్లేదు, ఇష్టమైనవి తినొచ్చు.

బార్లలో తిరిగే రాత్రి అంతసేపు ఎందుకు?

నిరాశ మొదట అటే తీసుకెళ్తుంది కాబట్టి. వతనబె దాచుకున్న డబ్బులోంచి 50,000 యెన్‌లు తీసి, ఖర్చుపెట్టడం ఎలాగో తెలియక ఒక అపరిచిత రచయితను అడుగుతాడు. చనిపోవాలనుకున్నానని, అదీ చేతకాలేదని అతనికే చెబుతాడు. ఆ రచయిత జాలిపడి రాత్రంతా టోక్యో చూపిస్తాడు. జూదపు యంత్రాలు, డాన్సు హాళ్లు, కిక్కిరిసిన జనం. పాత టోపీ పోయి కొత్త టోపీ వస్తుంది. ఇదంతా తప్పని సినిమా ఉపదేశం చెయ్యదు. తెల్లవారేసరికి అతను ఇంకా అలసిపోయి, ఇంకా ఒంటరిగా ఉంటాడు, అంతే. సరదాకు ఒక రాత్రి సరిపోతుంది. అతనికి ఇంకా నెలలున్నాయి.

తోయో వెంట పడటం చూస్తే ఇబ్బందిగా ఉంది. అది ప్రేమా?

ఇబ్బందిగా ఉండాలనే తీశారు. తోయో అదే విభాగంలో చిన్న ఉద్యోగం చేసే అమ్మాయి, విసుగెత్తి రాజీనామా ఇస్తుంది. నవ్వుతుంది, ఆకలిగా తింటుంది, అధికారులందరికీ మారుపేర్లు పెట్టింది. వతనబెకు పెట్టిన పేరు ‘మమ్మీ’. ఆ పేరు చెబితే అతను కోప్పడడు, నవ్వుతాడు. చిరిగిన మేజోళ్లు చూసి కొత్తవి కొనిపెడతాడు. ఇంట్లోవాళ్లు ముసలాయన ఒక పడుచు అమ్మాయి వలలో పడ్డాడని తీర్మానించేస్తారు.

అతనికి కావలసింది ఆమె కాదు, ఆమెలో కనిపించే జీవం. దాన్ని ఆమె దగ్గర అడిగి తెచ్చుకోవచ్చనుకుంటాడు. ఆమె విసుక్కుంటుంది, భయపడుతుంది కూడా. నాకిది చాలా నిజాయితీగా అనిపించే భాగం. దుఃఖంలో ఉన్నవాళ్లు ఒక్కోసారి పక్కవాళ్ల ఊపిరి కూడా తామే పీల్చేసేంతగా అంటిపెట్టుకుంటారు. కురొసావా దాన్ని అందంగా మలచలేదు, అమ్మాయి భయానికీ వతనబె గోడుకీ సమానంగా చోటిచ్చాడు.

పుట్టినరోజు పాట సన్నివేశం గురించి అందరూ ఎందుకు చెబుతారు?

వతనబె, తోయో కాఫీ హోటల్లో చివరిసారి కలుస్తారు. నువ్వు ఎలా ఇంత హుషారుగా ఉంటావో చెప్పమని బతిమాలతాడు. ఆమె కొత్తగా బొమ్మల ఫ్యాక్టరీలో చేరింది. జేబులోంచి కీ ఇచ్చే కుందేలు బొమ్మ తీసి బల్లమీద గెంతిస్తుంది. నేను పని చేసి తింటున్నాను, ఇవి చేస్తుంటే దేశంలోని పిల్లలందరితో ఆడుకుంటున్నట్టు ఉంటుంది, మీరూ ఏదైనా తయారు చెయ్యకూడదా అంటుంది. ఆ కార్యాలయంలో ఏం తయారవుతుంది అని అతను తల వేలాడేస్తాడు. కాసేపటికి ముఖం మారుతుంది. కుందేలు పట్టుకుని పరుగున మెట్లు దిగుతాడు. అదే క్షణంలో పై అంతస్తులో ఎదురుచూస్తున్న విద్యార్థులు మెట్లెక్కి వస్తున్న స్నేహితురాలికి ‘హ్యాపీ బర్త్‌డే’ పాడతారు. ఆమె పైకి, అతను కిందికి, పాట ఇద్దరి మీదా. అక్కడ ఒక్క డైలాగూ లేదు.

పార్కే ఎందుకు?

అతని బల్లమీద ముందునుంచీ ఉన్నది అదే కాబట్టి. సినిమాలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించే సంగతి ఇది. బతకడానికి కారణం కోసం అతను బారుకు వెళ్లాడు, అమ్మాయి చుట్టూ తిరిగాడు, తనలో తాను వెతుక్కున్నాడు. అది ఎక్కడా దొరకలేదు. మొదట్లో తను చూడకుండానే వేరే విభాగానికి పంపేసిన మురుగుగుంట అర్జీలోనే ఉంది. మర్నాడు కార్యాలయానికి వచ్చి ఆ కాగితాన్ని బయటికి తీస్తాడు. కొత్త ఆదర్శం, కొత్త ఉద్యోగం, కొత్త మనుషులు ఏమీ రాలేదు. ఎవరో సాయం అడిగారు, సాయం చేసే కుర్చీలో అతనే ఉన్నాడు.

అయితే మనసు మారగానే పని అయిపోదు. ఏ విభాగాలైతే ఆ ఆడవాళ్లను తిప్పాయో, అవే ఇప్పుడు అతణ్ని తిప్పుతాయి. అతను కోప్పడడు, వాదించడు. వంగి నిలబడి ఎదురుచూస్తాడు, వాళ్లే విసుగెత్తి సంతకం పెట్టేదాకా. ఆ స్థలం మీద కన్నేసిన రౌడీలు బెదిరిస్తే వాళ్ల ముఖంలోకి చూస్తాడు, అంతే. ఇన్ని అవమానాలకు కోపం రాదా అని తోటి ఉద్యోగి అడిగితే, మనుషులను ద్వేషించే తీరిక తనకు లేదంటాడు.

హీరో సినిమా మధ్యలోనే చనిపోతాడేమిటి?

అర్జీ చేతిలోకి తీసుకుని బయల్దేరగానే, ఐదు నెలల తర్వాత అతను చనిపోయాడని వ్యాఖ్యాత చెబుతాడు. అక్కణ్నుంచి దాదాపు మూడో వంతు సినిమా అతని ఫొటో ముందు, అంత్యక్రియలకు ముందటి జాగరణ రాత్రి నడుస్తుంది. సినిమాను రెండు రోజులకు పంచుకోవద్దన్నది ఇందుకే. మొదటి భాగంలో మనం చూసిన మనిషి ముఖం కళ్లలో ఇంకా ఉండగానే, ఈ రెండో భాగంలో ఇతరులు అతని గురించి చెప్పేది వినాలి.

వాళ్లు చెప్పేది ఘోరంగా ఉంటుంది. పార్కు ఘనత డిప్యూటీ మేయర్ తన ఖాతాలో వేసుకున్నాడు. కింది అధికారులు తలూపుతారు. ఇంతలో ఆ వాడ ఆడవాళ్లు వస్తారు. ఎవరితోనూ మాట్లాడరు, ఫొటో ముందు కూర్చుని వెక్కివెక్కి ఏడ్చి, అగరుబత్తి వెలిగించి వెళ్లిపోతారు. గదిలో ఎవరికీ తలెత్తే ధైర్యం ఉండదు. డిప్యూటీ మేయర్ లేచి వెళ్లాక, సారా పడేకొద్దీ ఒక్కొక్కరు ఒక్కో సంగతి గుర్తుచేసుకుంటారు. ఆ ముక్కలన్నీ కలిపితేనే మనకు ఆ ఐదు నెలలు తెలుస్తాయి. ఒకే సంఘటనను నలుగురి నోట చెప్పించే పద్ధతి కురొసావా 1950లో ‘రషోమోన్’లో వాడినదే. అక్కడ నిజం చెదిరిపోతుంది, ఇక్కడ మెల్లగా కూడుకుంటుంది.

ఆ ఐదు నెలలను నేరుగా చూపించి ఉంటే మనం చప్పట్లు కొట్టి లేచేవాళ్లం. ఇలా చూపించడం వల్ల ఒక సంగతి తేటపడుతుంది: అతను తనవాళ్లకు కూడా అర్థం కాకుండానే పోయాడు, అయినా అతని పని ఆగలేదు. కొడుక్కి తండ్రి రోగం సంగతి అప్పటిదాకా తెలియదు. నాకెందుకు చెప్పలేదని అతను పడే బాధకు సినిమాలో జవాబు లేదు.

దుఃఖంలో ఐదు దశలంటారే, అవి ఇందులో ఉన్నాయా?

వెతికితే పోలికలు దొరుకుతాయి, కానీ వెతకొద్దనే అంటాను. ఎలిజబెత్ కుబ్లర్-రాస్ అనే మనోవైద్యురాలు ఆ దశల (నిరాకరణ, కోపం, బేరం, కుంగుబాటు, అంగీకారం) గురించి రాసింది 1969లో, ఈ సినిమా తర్వాత 17 ఏళ్లకు. ఆమె పరిశీలించింది మరణానికి దగ్గరైన రోగులను. తర్వాతి కాలంలో జనం దాన్ని ఆప్తులను పోగొట్టుకున్నవారికీ అన్వయించి మెట్ల వరస చేసేశారు. వతనబె మెట్లెక్కినట్టు నడవడు. నవ్విన రాత్రే ఏడుస్తాడు, పార్కు పని చేస్తూనే నొప్పితో గోడ పట్టుకుంటాడు.

చివర్లో తోటి ఉద్యోగులు మారరు కదా. ఇది నిరాశ కాదా?

తాగిన మత్తులో అందరూ ప్రమాణాలు చేస్తారు, ఇకపై వతనబెలా పనిచేస్తామని. మర్నాడు కొత్త అధికారి ముందు ఒక మురుగు ఫిర్యాదు వస్తుంది, వేరే విభాగానికి పంపించమంటాడు. కిమురా అనే ఒక్కడు కోపంగా లేచి నిలబడతాడు. ఎవరూ కలిసిరారు. కూర్చుంటాడు, కాగితాల గుట్టల వెనక కనపడకుండా పోతాడు.

నిరాశే. కురొసావా దాన్ని దాచలేదు, అందుకే ఈ సినిమాను నేను నమ్ముతాను. ఒక మనిషి త్యాగంతో కార్యాలయం బాగుపడిందని చూపిస్తే అబద్ధమయ్యేది. కార్యాలయం మారలేదు. పార్కు మాత్రం ఉంది, అందులో పిల్లలున్నారు.

మంచులో ఊయల మీద పాడే పాట ఏమిటి?

‘గోండోలా నో ఉటా’, 1915 నాటి పాట. షింపెయ్ నకయామా స్వరపరిచాడు. జీవితం చిన్నది, ఆలస్యం చేయకుండా ప్రేమించండి అని అమ్మాయిలకు చెప్పే పాట. సినిమాలో రెండుసార్లు వస్తుంది. మొదటిసారి వతనబె బారులో పాడినప్పుడు పక్కన డాన్సు చేస్తున్నవాళ్లు ఆగి, దూరం జరుగుతారు. రెండోసారి, చనిపోయే రాత్రి, తను కట్టించిన పార్కులో ఊయల మీద, అదే గొంతు, అవే మాటలు, కానీ ఏడుపు పోయి తృప్తి వస్తుంది. ఆ రాత్రి చూసిన పోలీసు, తాగి ఉన్నాడనుకుని పలకరించకుండా వెళ్లిపోయానని జాగరణకు వచ్చి చెప్పుకుంటాడు.

టాల్‌స్టాయ్ కథకు ఇది అనుసరణా?

1886 నాటి ‘ఇవాన్ ఇల్యిచ్ మరణం’ నుంచి ప్రేరణ తీసుకున్నారు, అనుసరణ కాదు. ఇద్దరూ గుమాస్తా బతుకుల్లో కూరుకుపోయిన అధికారులే. ఇవాన్‌కు వెలుగు చివరి ఘడియల్లో, లోలోపల కనిపిస్తుంది. వతనబెకు ఐదు నెలలు ముందే కనిపిస్తుంది, అతను దాన్ని మట్టిపనిగా మారుస్తాడు.

బతకాలని లేదంటున్న స్నేహితుడికి ఈ సినిమా చూపించవచ్చా?

సినిమా చేతికిచ్చి పక్కకు తప్పుకోవద్దు. ముందు మీరు కూర్చుని వినండి. చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని సూటిగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగితే చాలామందికి బరువు దిగినట్టు ఉంటుంది. ప్రమాదం దగ్గర్లో ఉందనిపిస్తే ఒంటరిగా వదలకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. భారతదేశంలో ఉన్నవారు ఏ వేళలోనైనా ఉచితంగా టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణి 14416కు ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. మీకే అలా అనిపిస్తున్నా ఇదే మాట: ఇప్పుడే ఒకరికి చెప్పండి.

ఇక సినిమా సంగతి. తెరమీద ఆత్మహత్యను ఎలా చూపాలన్నదానిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సినిమావాళ్ల కోసం ఒక మార్గదర్శి తెచ్చింది. చనిపోయే పద్ధతి చూపవద్దని, కష్టాన్ని దాటి నిలబడినవాళ్లను చూపమని అందులో సలహాలున్నాయి. కురొసావా 1952లోనే ఆ దారిన నడిచాడు. స్నేహితుడు కాస్త కుదుటపడ్డాక, పక్కన మీరు ఉండి, చూడవచ్చు.

నాకు జబ్బూ లేదు, పార్కు కట్టే అధికారమూ లేదు. ఈ కథ నాకెలా పనికొస్తుంది?

వతనబెకూ పెద్ద అధికారమేమీ లేదు, అందుకే అన్ని గుమ్మాల ముందు నిలబడ్డాడు. అందరికీ పార్కు రాదు, రావలసిన పనీ లేదు. మీ దగ్గరికి వచ్చి మీరు పక్కన పెట్టినది ఒకటి ఉంటుంది. జవాబివ్వని ఒక ఉత్తరం, నేర్పిస్తానని ఊరించిన ఒక విద్య, పలకరించాల్సిన ఒక పెద్దాయన. తోయో చేసినది కుందేలు బొమ్మే కదా.

‘లివింగ్’ కూడా ఇదే కథట. ఏది ముందు చూడాలి?

2022లో వచ్చిన ‘లివింగ్’ దీనికి ఇంగ్లిష్ రీమేక్. కజువో ఇషిగురో స్క్రిప్టు రాశాడు, ఆలివర్ హర్మనస్ దర్శకుడు, బిల్ నై నటించాడు. నటనకు, స్క్రిప్టుకు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. కథ 1953 లండన్‌కు మారింది, నిడివి 102 నిమిషాలకు తగ్గింది. బిల్ నై పాత్ర దుఃఖాన్ని మర్యాద వెనక దాచుకుంటుంది, షిమురా ముఖం ఏదీ దాచలేదు. జాగరణ రాత్రి అంతసేపు లేకపోవడం నాకు లోటుగా అనిపించింది. పాత సినిమాలు అలవాటు లేనివారు ‘లివింగ్’తో మొదలుపెట్టినా పర్వాలేదు. మిగతావారు ‘ఇకిరు’ ముందు చూసి, కొన్ని వారాలు ఆగి రెండోది చూడండి.